నిమిషానికి 1,440 చుట్లు

తిరగని మోటారు నిమిషానికి సరిగ్గా 1,440 చుట్లు ఎలా తిరుగుతుందన్నది ఇంజనీరింగ్ కళాశాల ల్యాబ్ అటెండరును పన్నెండేళ్లుగా వేధిస్తున్న ధర్మసందేహం. ఏటా అరవై మంది దాని వేగం కొలుస్తారు. అరవై మందికీ, మోటారు రేకు మీద చెక్కి ఉన్నట్టే, 1,440 వస్తుంది. అందరికీ పాతికకి ఇరవై నాలుగు మార్కులు పడతాయి. ఆ మిగిలిన ఒక్క మార్కూ తగ్గించడం వినయం నేర్పడానికట. "నైపుణ్య సాధన: తొంభై ఆరు శాతం" అన్న బోర్డు వరండాలో మెరిసిపోతోంది.

మోటారు ఎందుకు తిరగదో మాత్రం అటెండరుకు తెలుసు. ప్రిన్సిపాలు గారి గదిలో ఫ్యాను ఆగిపోయిన రోజున, మోటారు కండెన్సర్ ఊడదీసి దానికి బిగించింది తనే. స్టాకు పుస్తకంలో "కండెన్సర్ ఒకటి, రేపు తిరిగి ఇవ్వబడును" అని రాసింది కూడా తనే. ఆ రేపు ఇంకా రాలేదు. రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, వెనకే మోటారుకూ ఒకటి పెట్టేవాడు, క్షమాపణగా.

ఈసారి పరీక్షలో ఒక అపచారం జరిగింది. చివరి బల్ల దగ్గర అమ్మాయి స్విచ్చి వేసి చూసింది. పైగా ఉన్నదున్నట్టు రాసేసింది: "మోటారు మూలిగింది. తిరగలేదు. కండెన్సర్ లేదు."

పరీక్షాధికారి కళ్లజోడు సర్దుకున్నారు. "చూడమ్మా, ఇక్కడ మేం పరీక్షించేది నీ నైపుణ్యాన్ని, మోటారు ఆరోగ్యాన్ని కాదు. అందరికీ తిరిగిన మోటారు నీ ఒక్కదానికే ఎందుకు తిరగదు? సున్నా వేస్తే ఏడాది పోతుంది, ఆలోచించుకో."

"మీరే చూడండి సార్!"

"పరికరాలు ముట్టుకోవడం నా విధుల్లో లేదు."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నెండేళ్లలో ఆ గదిలో తిరిగినవి అవే.

"బాబాయ్, నువ్వైనా చెప్పు!" అంది అటెండరుతో.

అతను స్క్రూడ్రైవరు పట్టుకుని ప్రిన్సిపాలు గదికి వెళ్లాడు. ఆయన భోజనానికి వెళ్లి ఉన్నారు. పది నిమిషాల్లో కండెన్సర్‌తో వచ్చి, దాన్ని దాని చోట బిగించి, "స్వామీ, భారం నీదే" అనుకుంటూ స్విచ్చి వేశాడు. మోటారు తిరిగింది. అమ్మాయి కొలిచింది: 1,395.

పరీక్షాధికారికి బెంగ పట్టుకుంది. యాభై తొమ్మిది మంది ఒక మాట మీద ఉంటే మోటారు ఒక్కటే అడ్డం తిరుగుతోంది. మెజారిటీని గౌరవించి వాళ్లకు యథాప్రకారం ఇరవై నాలుగేసి, మోటారు పక్షం వహించినందుకు ఆమెకు పది వేశారు. గట్టెక్కడానికి పదే చాలు. అమ్మాయి ఎగిరి గంతేసింది.

ఇంతలో ప్రిన్సిపాలు గారి కేక: "ఏమయ్యా, ఫ్యాను తిరగట్లేదేంటి?"

అటెండరు వెళ్లి, ఆ గది ఫ్యాన్ల తనిఖీ రిజిస్టరు వినయంగా ముందు పెట్టాడు. "తిరుగుతోందండీ. ఈ నెలాఖరు దాకా 'సంతృప్తికరం' అని ముందే సంతకం పెట్టేశారు కదా."

ఆయన రిజిస్టరు చూశారు, ఫ్యాను చూశారు. చెమట తుడుచుకుంటూ, "అవునవును, గాలి బాగానే వస్తోంది" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా చల్లగా ఉందని తలలూపారు. మీరూ నేనూ ఉన్నా ఊపేవాళ్లమే.

అటెండరు ల్యాబుకు వచ్చి స్టాకు పుస్తకం తెరిచాడు. "రేపు", "ఇవ్వబడును" రెండూ కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో "ఇవ్వబడినది" అని రాశాడు.