నాలుగో వ్యక్తి ఎవరు?

ఆ పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆడపడుచు కాలేజీకి వెళ్ళి మాస్టారి సంతకం తెస్తుంది. ఈలోగా టేబుల్ మీదున్న ఆమె పరిశోధన కాగితాలకు కోడలు కాపలా ఉంటుంది. పదకొండింటికి బైండింగు, పన్నెండింటికి కాలేజీ ఆఫీసులో అప్పగింత. పన్నెండు దాటితే తీసుకోరు. మనస్తత్వశాస్త్రం డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

"బుడంకాయ చెయ్యి తగలకుండా చూడు వదినా!"

"నాకు చెప్తావేంటి? వాణ్ణి కన్నది నేను."

కన్నంత మాత్రాన పట్టుకోగలమని ఎక్కడా లేదు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి, ఏడాదిన్నర బుడంకాయ టేబుల్ గుడ్డ పట్టుకుని లాగేశాడు. ఎనభై నాలుగు కాగితాలు గదంతా పరుచుకున్నాయి. ఏ అధ్యాయానికి ఆ అధ్యాయం విడిగా ప్రింటు తీయడంతో ఒకటో పేజీలే ఏడు తేలాయి. కోడలు వెంటనే ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"చంపేశావ్ వదినా! సరే, రాసుకో. ముందు సారాంశం. తర్వాత పరిచయం, ఇదివరకు వేరేవాళ్ళు చేసిన పరిశోధనలు, పద్ధతి, ఫలితాలు, చర్చ. చివర అనుబంధాలు."

"సారాంశం మొన్నేగా రాశావు, అన్నిటికన్నా ఆఖర్న? అది ముందెందుకు?"

"అదంతే! చివర రాసి ముందు పెడతాం. చాలామంది అదొక్కటే చదువుతారు."

పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, నేల మీద కూర్చుని శ్రద్ధగా ఏడు దొంతర్లు పేర్చడం మొదలుపెట్టింది. 'ఫలితాలు' దొంతర దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"నాలుగో వ్యక్తి: ఇరవై నాలుగేళ్ళ తల్లి. చదువు మధ్యలో ఆగిపోయింది. బిడ్డ దగ్గినా కంగారు పడుతుంది. ఆ కంగారంతా భర్త మీద కోపమవుతుంది. వారానికి 11 సార్లు అరుస్తుంది."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏవండీ! ఇలా రండి! మీ చెల్లెలు నన్ను పుస్తకంలోకి ఎక్కించింది!"

భర్త సగం గీసిన గడ్డంతో వచ్చి చదివాడు. "పదకొండేనా? మొహమాటపడి తగ్గించినట్టుంది."

"ఇప్పటి అరుపుతో పన్నెండు! కింద చదవండి. ఐదో వ్యక్తి మీరే!"

"ఐదో వ్యక్తి: భర్త. కోపం వస్తే మాట్లాడడు. ఫోన్‌లో తలదూర్చి 'ఊఁ' అంటాడు." అతని మొహం సబ్బు నురుగులోంచే ఎర్రబడింది. "నేనెప్పుడన్నాను ఊఁ అని? అది అసలు నా చెల్లెలేనా?"

గోల విని అత్తగారు వచ్చింది. ఆవిడ చేతికి ఆరో వ్యక్తి అందింది: కోడలు వండిన గిన్నె మూత తీసి చూసి, ఏమీ అనకుండా మూసేసే అత్త.

"ఇదెవరో నేను చెప్పక్కర్లేదు అత్తయ్యా."

"ఏమీ అనకపోవడం కూడా తప్పేనటే? కన్న కూతురు నా పరువు తీసి కాలేజీలో ఆరేస్తుందా? పెన్ను ఇలా పట్రా!"

అత్తగారు 'ఏమీ అనకుండా' కొట్టేసి 'మెచ్చుకుని' అని రాసింది. కొడుకు 'ఊఁ' చెరిపి 'చెప్పు, వింటున్నాను' అని పెట్టాడు. కోడలు పదకొండులోంచి ఒక ఒకటిని నిర్దాక్షిణ్యంగా కొట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆడపడుచు సంతకంతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేశారు! నేను దొంగ లెక్కలు రాశానంటారు! నా ఏడాది పోతుంది!"

"ఇంటి గుట్టు ఊరంతా చాటొచ్చా మరి?" అంది తల్లి.

"ఏ ఇంటి గుట్టమ్మా? వీళ్ళంతా బట్టల ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో వాళ్ళు! సొంతవాళ్ళని తీసుకోకూడదని మాస్టారు ముందే చెప్పారు. ఎవర్ని అడిగామో తెలిశాకే ఫలితాలు చదవాలని పద్ధతి అధ్యాయం ముందు పెడతాం. అది చదవలేదా?"

"చూశానమ్మాయ్. అందులో మనుషులెవరూ కనపళ్ళేదు. పక్కన పెట్టేశా," అంది కోడలు.

కోడలు చేతిలోని పెన్ను కింద పెట్టింది.

"ఆ నాలుగో ఆవిడ ఎవరు?"

"చెప్పకూడదు వదినా."

"అరిచాక ఏం చేస్తుంది?"

"స్నానాల గదిలోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తుంది. తర్వాతి పేజీలో ఉంది."

కోడలు ఆ పేజీ వెతికి చదివింది. మళ్ళీ చదివింది. కుళాయి తిప్పి ఏడ్చేది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. లేచి భర్త చేతిలోని కాగితాలు లాక్కుంది.

"గడ్డం తర్వాత! ఈ పేజీలు మళ్ళీ ప్రింటు తీయించుకు రండి, పరిగెత్తండి. ఆవిడవి పదకొండంటే పదకొండే ఉండాలి. ఒక్కటి తగ్గినా ఊరుకోను!"

అతను సగం గడ్డంతోనే పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేసరికి ఆమె ఏడు దొంతర్లూ సర్ది సిద్ధంగా ఉంచింది, సారాంశం అన్నిటికన్నా పైన.

"అయినా ఎవరో ఫ్యాక్టరీ వాళ్ళింటికి వెళ్ళి అడిగావు గానీ, ఇంట్లో ఉన్న నన్ను ఒక్క మాట అడిగావా?" అంది అత్తగారు, చెప్పులేసుకుంటున్న కూతురితో. "నాకు రాదా కోపం?"

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా పుస్తకం ఆఫీసుకు చేరింది. అత్తగారు వారం పాటు కూతురితో మాట్లాడలేదు; అది కోపం కాదని మాత్రం ఇంట్లో మిగతా అందరికీ రోజూ చెబుతూనే ఉంది.