ఎనిమిది మార్కుల అగ్నిప్రమాదం

ఈ ఏడాది పదో తరగతి చరిత్ర పరీక్ష అత్యంత ప్రశాంతంగా జరిగిందనీ, విద్యార్థులెవరూ ఆలోచించిన దాఖలాలు లేవనీ పరీక్షల బోర్డు సగర్వంగా ప్రకటించింది. ఈ ఘనత చాలామటుకు వంద శాతం మాస్టారిది.

ఆయన బడిలో చరిత్ర తప్పిన పిల్లలు ఇంతవరకూ లేరు. ఆ పేరు అలా వచ్చిందే. యుద్ధాలకు కారణాలు ఆరు, ఫలితాలు ఏడు అని ఆయన ఎప్పుడో తేల్చేశారు. ఏ యుద్ధమని అడిగినవాణ్ణి బయట నిలబెట్టారు. వ్యాసం "ఒకవైపు చూస్తే" అని మొదలై, "మరోవైపు చూస్తే" అని మలుపు తిరిగి, ఎటూ చూడకుండా ముగియాలి. ఇక ఆధారాల ప్రశ్నకు ఆయన కనిపెట్టిన సూత్రాన్ని బోర్డే నెత్తిన పెట్టుకుంది: సంఘటన జరిగినచోట ఉన్నవాడికి ఆవేశం ఉంటుంది కనుక నమ్మరాదు, లేనివాడు నిష్పక్షపాతి కనుక నమ్మవచ్చు.

ఈసారి ఎనిమిది మార్కుల ప్రశ్న నూలు మిల్లులో జరిగిన పాత అగ్నిప్రమాదం మీద వచ్చింది. మొదటి ఆధారం మేనేజరు నివేదిక: "తలుపులన్నీ తెరిచే ఉన్నాయి." ఆ రోజు వారు సెలవు మీద వేరే ఊళ్ళో ఉన్నందున వారి నిష్పాక్షికతను శంకించే వీలు లేదు. రెండో ఆధారం ఒక కార్మికురాలి వాంగ్మూలం: "బయట తాళం వేసుంది. మా చెల్లి లోపలే ఉండిపోయింది." ఏది నమ్మదగినది?

ఆ కార్మికురాలు మాస్టారి తల్లి. ప్రశ్నపత్రం చూసి ముసలమ్మ పొంగిపోయింది. విచారణ సంఘం ఆమెను నమ్మలేదు, కోర్టు నమ్మలేదు. "పోనీలే నాయనా, ఇన్నాళ్ళకి పిల్లల దాకా వెళ్ళింది. వాళ్ళేం రాశారో చూసి చెప్పు" అని కొడుకు చెయ్యి పట్టుకుని అడిగింది.

మాస్టారు మూల్యాంకన కేంద్రంలో పది రోజులు పేపర్లు దిద్దారు. ఆయన తల్లి ఆవేశపరురాలని పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఎనిమిదికి ఎనిమిదీ పట్టుకుపోయారు. ఒకడు మరీ ముందుకు వెళ్ళి, చెల్లెలు పోయిన దుఃఖంలో ఆమెకు లేని తాళం కనిపించి ఉంటుందని విశ్లేషించాడు. వాడికి "భేష్" అని రాయాల్సి వచ్చింది. రాసి, మాస్టారు తర్వాతి పేపరు తీశారు.

చివరి కట్టలో ఒక పిల్ల పేపరు దొరికింది. "రెండోదే నమ్ముతాను. చెల్లెలు చచ్చిపోతే తాళం గురించి ఎవరైనా అబద్ధం చెబుతారా?" అంతే, రెండు లైన్లు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు తుడుచుకుని, బోర్డువారి జవాబుల కీ తిరగేశారు. ఈ జవాబు అందులో లేదు. ఆ కీ తయారుచేసింది ఆయనే. సున్నా వేశారు. మొత్తం కూడితే ఆ పిల్లకి పాసు మార్కులకు రెండు తక్కువయ్యాయి.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"ఒక్కరైనా నమ్మార్రా నన్ను?"

"ఒక పిల్ల నమ్మిందమ్మా."

ముసలమ్మ ముఖం వెలిగింది. "పాసైందా?"

"లేదు."

"మరి పాసైనవాళ్ళు?"

మాస్టారు చెప్పులు విప్పుకునే నెపంతో తల దించుకున్నారు.

పాసైనవాళ్ళు లక్షల్లో ఉన్నారు. రేపటి మేనేజర్లూ, జడ్జీలూ, విచారణ సంఘాల అధ్యక్షులూ వాళ్ళలోంచే వస్తారు. ఇప్పుడున్నవాళ్ళూ అలా వచ్చినవాళ్ళే. ఇంతకీ, మీకు చరిత్రలో ఎన్ని మార్కులొచ్చాయి?