పునీతురాలి గడ్డం

నెవేర్ ఊళ్ళో పింగాణీ పళ్ళేల మీద బొమ్మలు వేసే గాతియెన్‌ను అందరూ ఒంటిగీత గాతియెన్ అనేవారు. ఆ పేరు తనే పెట్టుకుని, ఊరంతా పిలిచేదాకా ఊరుకోలేదు. కాల్చని తెల్లపూత రంగును అక్కడికక్కడే పీల్చేస్తుంది, దిద్దుకోవడానికి వీలుండదు. తన కుంచె ఒకసారి పెట్టినచోట రెండోసారి పెట్టదని అతని గొప్ప.

ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ, వాళ్ళ పేరుగల పునీతురాలి బొమ్మతో పళ్ళేలు వేసిచ్చాడు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళాం బార్బ్‌కి మాత్రం వెయ్యలేదు. ఆమె అదే కార్ఖానాలో పళ్ళేల అంచులకు తీగలు వేసేది.

ఈ ఏడు పునీత బార్బ్ పండుగనాడు యజమాని త్రెయార్ వాళ్ళింటికి భోజనానికి వస్తానన్నాడు. కార్ఖానాలో కిటికీ పక్కన పెద్ద చిత్రకారుడి పీట ఖాళీగా ఉంది. గాతియెన్ బార్బ్‌కి వేసే పళ్ళెం చూశాక, ఆ పీట అతనికివ్వాలో లేదో తేలుస్తానన్నాడు.

రేపు వేద్దాం, మాపు వేద్దాం అనుకుంటూ ఉండగానే పండుగముందు ఆఖరి బట్టీ కాస్తా కాలి చల్లారింది. గాతియెన్ అమ్ముడుపోని పళ్ళెమొకటి వెతికి తెచ్చాడు. దానిమీద గడ్డమున్న పునీతుడు నికొలా, పక్కన తొట్టిలో ముగ్గురు పిల్లలు. జిగురులో సుద్ద కలిపి గడ్డం మూసేశాడు. తొట్టిని ఇటుకల బొమ్మతో కప్పి, పునీత బార్బ్‌ను ఆమె తండ్రి బంధించిన గోపురం చేశాడు. కింద పేరు మార్చాడు.

"గోడకి తగిలించుకో. తినడానికి కాదు," అన్నాడు ఇచ్చేటప్పుడు.

బార్బ్ పళ్ళేన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "పునీతురాలికి దవడ కాస్త బలంగా ఉందేమయ్యా."

"తండ్రి పోలిక."

"గోపురంలో పెట్టి తాళం వేసిన తండ్రి. మంచి పోలికే తెచ్చావు."

పండుగ మధ్యాహ్నం ఆమె సరిగ్గా ఆ పళ్ళెంలోనే వేడివేడి ఉల్లిపాయ సూపు పోసి యజమాని ముందు పెట్టింది. అయ్యగారికి వేరే పళ్ళెం పెట్టమని గాతియెన్ గొణిగాడు. పండుగ పళ్ళెం పెద్దమనిషికి కాక ఇంకెవరికి పెడతానంది బార్బ్.

త్రెయార్ తృప్తిగా తాగి, అలవాటుగా రొట్టెముక్కతో పళ్ళెం తుడిచాడు. ముందు గడ్డం వచ్చింది. మరోసారి తుడిస్తే గోపురం కింద మూడు చిన్న తలకాయలు లేచాయి.

"గాతియెన్, ఈవిడకి గడ్డం మొలిచింది. ముగ్గురు పిల్లలు కూడా పుట్టారు."

గాతియెన్ తల దించుకున్నాడు. బార్బ్ అలమరలోంచి ఇంకో పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. నీలి గోపురం, పక్కన పునీత బార్బ్, కింద ఆమె పేరు. గీతలన్నీ ఒక్కసారి పెట్టినవే.

"ఇది నీదేనా?" అన్నాడు త్రెయార్.

అవునంటే పీట దక్కేది. గాతియెన్ ఆ పళ్ళెం వంకే చూశాడు. సిగ్గుతో చచ్చిపోవలసినవాడికి గర్వం పొంగింది.

"కాదండీ. మా ఆవిడది."

"ఇరవై ఏళ్ళు ఎదురుచూశాను," అంది బార్బ్. "ఇక నేనే వేసుకుని, అంచులు వేసిన పళ్ళేలతో పాటు బట్టీలో పెట్టేశాను."

కిటికీ పక్క పీట బార్బ్‌కి వచ్చింది. గాతియెన్ ఆమె పక్కన కూర్చుని అంచులకు తీగలు వేస్తాడు. కార్ఖానాకి కొత్తవాళ్ళెవరొచ్చినా మాత్రం తనే లేచి ఎదురెళ్ళి ఆ కిటికీ చూపిస్తాడు.

"మా ఆవిడ. ఒంటిగీత బార్బ్ అంటారు."