ఖాళీ కనిపిస్తే కత్తెర

చదవడం అనే దురలవాటును మా ఊరి పురపాలక కార్యాలయం పూర్తిగా మానుకుంది. చప్పట్లు కొట్టండి! ట్యునీషియా తీరంలో ఇంత ఆరోగ్యంగా ఉన్న ఆఫీసు ఇంకొకటి లేదు.

ఫిర్యాదులను ఇప్పుడు కంప్యూటర్ చూసుకుంటుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కనిపిస్తే చాలు, అక్కడ కత్తిరిస్తుంది. ముక్కల్లోంచి 'లేదు', 'కాదు' వంటి పొట్టి మాటలను ఏరి చెత్తబుట్టలో వేస్తుంది. మిగిలినవాటిలో మంచి మాటలెన్ని, చెడ్డ మాటలెన్ని అని లెక్కపెడుతుంది. ఇక చదవడానికి ఏం మిగిలింది, చెప్పండి? వాక్యాలు పనీపాటా లేనివాళ్ళకు!

రేవు వీధిలో బంబలూనీలనే తీపి గారెలు వేయించి అమ్మే మబ్రూకాకు ఈ నాగరికత ఒంటబట్టలేదు. ఆమె అంగడి ముందు మురుగు పొంగి పారుతోంది. ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో వేడి బంబలూనీ తినడం ఎవరి తరం? కొనేవాళ్ళు పక్క వీధికి తరలిపోయారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మూకుడు బోర్లించి ఇంట్లో కూర్చోవడమే.

అందుకని మెసేజ్ పెట్టింది: "వీధి శుభ్రంగా లేదు. గాలి బాగా లేదు. ఎవరూ సంతోషంగా లేరు."

వెంటనే జవాబొచ్చింది: "మీ సంతోషమే మా సంతోషం. ధన్యవాదాలు!"

ఎంత మర్యాద! ఆమె మాత్రం మండిపడుతూ ఆఫీసుకే వెళ్ళింది. ఆ కత్తెరను తయారుచేసిన ఇంజనీరు ఖైస్ కాఫీ తాగుతూనే, పిన్ని వరస కలిపి పలకరించాడు.

"ఖాలా, ఊళ్ళో మీ వీధిదే ఫస్ట్ ర్యాంకు! శుభ్రం, బాగు, సంతోషం, మూడూ పడ్డాయి."

"లేదని రాశాను కదయ్యా!"

"'లేదు' లెక్కలోకి రాదు ఖాలా. మరీ చిన్న మాట."

"ఒక్కసారి వచ్చి చూడరాదూ? వీధి మొదట్లోనే కంపు కొడుతోంది."

"నా స్క్రీన్ మీద కంపేం లేదే!"

మొదటి పాఠం నేర్చుకుని పుస్తకం మూసేసిన మేధావితో వాదించి గెలిచినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? మబ్రూకా వాదించలేదు. తిరిగొచ్చి వీధి వీధంతటి చేతా మేయర్‌ను పొగిడించింది. అందరూ ఒకే మెసేజ్ పంపారు: "మన మేయర్‌గారు దొంగ కాదు. లంచగొండి కాదు. సోమరి కాదు."

ఆఫీసు హాల్లో పెద్ద తెర ఉంది. ప్రజలు ఎక్కువగా వాడిన మాటలు దాని మీద వెలుగుతాయి. రాజధాని నుంచి అతిథులు వచ్చిన రోజున మేయర్ వాళ్ళను తెర ముందు నిలబెట్టి, "మా ప్రజల మనసు చూడండి!" అన్నాడు. చూశారు. దొంగ. లంచగొండి. సోమరి.

ఆ మాటలు ఏ వీధి నుంచి వచ్చాయో కనుక్కుని, మధ్యాహ్నానికల్లా మేయర్ రేవు వీధిలో ఉన్నాడు.

"నన్ను దొంగంటారా?" అని అరిచాడు. మురుగు అతని బూట్లలోకి దిగుతోంది.

"అయ్యో, కాదనే రాశాం కదండీ!" అంది మబ్రూకా, ఫోన్ చేతికిస్తూ. "ఆ 'కాదు'ను పారేసింది మీవాళ్ళే. దానిపైన పాతది ఇంకోటుంది, అదీ చదవండి."

మేయర్ చదివాడు. 'వీధి శుభ్రంగా లేదు' దగ్గరకొచ్చేసరికి ముక్కు మూసుకున్నాడు. మురుగు తోడే బండి కోసం అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు.

చదవడం ఎంత కంపు పనో చూశారా? ఆఫీసువాళ్ళు ఊరికే మానుకున్నారా!