నీడ ఆర్కిడ్లకు మాత్రమే

చెట్టు నీడంత ప్రమాదకరమైన వస్తువు ఈ లోకంలో మరొకటి లేదని నేను బల్ల గుద్ది చెబుతున్నాను!

ఆ బల్ల కూడా ఎండలోనే ఉంది కాబట్టి, గుద్దిన చెయ్యి వెంటనే తీసేశాననుకోండి. అది వేరే సంగతి.

పాఠక మహాశయులారా, మీరే ఆలోచించండి. నీడ కనపడితే మనిషి ఏం చేస్తాడు? ఆగుతాడు. ఆగినవాడు కూర్చుంటాడు. కూర్చున్నవాడు పక్కవాణ్ని పలకరిస్తాడు. పలకరింపు కాస్తా కబుర్లలోకి దిగుతుంది, కబుర్లు కాస్తా కునుకులోకి దిగుతాయి. దేశం వెనకబడిపోవడానికి ఇంతకంటే కారణం కావాలా? అదే మనిషిని ఎండలో నిలబెట్టి చూడండి. ఒక్కడైనా ఆగుతాడా? అందరిదీ పరుగే! అభివృద్ధి అంటే అదే కదండీ.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. గాజువాక దాటాక మా సూర్యసాగర్ అపార్ట్‌మెంట్స్ ఉంది. అక్కడ నిలువునా ఎండలో ఆర్కిడ్లు పెంచే మహత్తర పథకానికి నేను టెక్నికల్ అడ్వైజర్‌ని. స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. వేడి గురించి నాకు చెప్పగలిగే మొనగాడు మా బ్లాకులో లేడు, వంటింట్లో మా ఆవిడ తప్ప.

మా గేటు పక్కన ఒక నిద్రగన్నేరు చెట్టు ఉండేది. రోడ్డు సగందాకా కమ్ముకుని ఉండేది. హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లన్నిటినీ ఊడ్చిపారేసినప్పుడు కూడా, దీని దగ్గరికొచ్చి రెండు కొమ్మలు మాత్రం పట్టుకుని మర్యాదగా వెళ్లిపోయింది. ఆ చెట్టు కింద సన్యాసమ్మ ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె, తడిగుడ్డ, పక్కన మంచినీళ్ల కుండ, కుండ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు. ఆటోవాళ్లు, కొరియర్ కుర్రాళ్లు, చేపలమ్మే ఆడవాళ్లు, మా ఆవిడ! బట్టలిచ్చి వస్తానని వెళ్లిన మా ఆవిడ, అవి ఇస్త్రీ అయ్యాక వాటితోపాటే తిరిగొచ్చేది. చూశారా, నీడ కాపురాల్లో ఎలా చిచ్చు పెడుతుందో?

ఇలా మేమంతా చెడిపోతూ ఉండగా, మా అసోసియేషన్ సెక్రటరీ తాతబాబు బ్యాంకాక్ వెళ్లొచ్చాడు.

తాతబాబుకి ఆ చెట్టుతో పాత పేచీ ఉంది. ఆయన తెల్లకారు మీద కాకులు రోజూ సంతకాలు పెట్టేవి. కానీ కాకుల కోసం చెట్టు కొట్టేద్దామంటే జనం ఊరుకుంటారా? ఆ చిక్కు బ్యాంకాక్‌లో విడిపోయింది. అక్కడ ఏదో తోటలో ఆర్కిడ్లు వరసలు వరసలుగా, పైన కప్పనేది లేకుండా, నడినెత్తి ఎండలో విరగబూసి ఉన్నాయట. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు.

“బావా, అక్కడ సముద్రం ఉంది, మనకీ ఉంది. అక్కడ పోర్టుంది, మనకీ ఉంది. ఎండంటావా, మనకే ఇంకా ఎక్కువుంది! మరి ఆర్కిడ్లు మనకెందుకు లేవేటి? ఈ సెట్టు అడ్డం బావా!”

ఏం తర్కమండీ! మీటింగులో చప్పట్లు మోగిపోయాయి. గేటు పక్కనున్న మా పార్కుకి ‘ఫుల్ సన్ ఆర్కిడ్ గార్డెన్’ అని అక్కడికక్కడే నామకరణం కూడా జరిగిపోయింది. సన్యాసమ్మని ఎవరూ అడగలేదు. ఆవిడ ఫ్లాట్ ఓనర్ కాదు కదా.

రంపం మిషన్ వచ్చిన రోజు సన్యాసమ్మ బండి పక్కకి తోసుకుని, చెట్టు పడిపోయేదాకా చూస్తూ నిలబడింది. “పోన్లెండి బాబూ, మొక్కలేత్తారంట గదా,” అంది. మొక్క పెరిగితే మళ్లీ నీడొస్తుందని పాపం ఆవిడ ఆశ. ఆర్కిడ్ ఎంత పెరిగినా దాని కింద పిల్లి కూడా పడుకోలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సరే, ఏడుపులు మనకెందుకు? ఎండ తెచ్చిన భాగ్యాలు చూడండి!

ట్యాంకులో నీళ్లు వాటంతటవే సలసలా కాగుతున్నాయి. గీజర్లు మూలన పడేశాం. మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే టీ పొడి వేసుకోవడమే తరువాయి. మా ఆవిడ మాగాయ ముక్కలు ఎండబెట్టి, మెట్లు దిగి కిందికొచ్చి, ‘కాకులు వాలతాయేమో’ అనుకుని మళ్లీ ఎక్కేసరికి ముక్కలు ఎండిపోయి ఉన్నాయి. కాకులసలు లేనే లేవు!

క్రమశిక్షణ సంగతి చెప్పాలా? మా వీధిలో మిగిలిన నీడ కరెంటు స్తంభానిది. దాని నీడ సన్నగా రోడ్డు మీద పడుతుంది. బస్సు కోసం నిలబడేవాళ్లంతా ఆ గీత మీద ఒకరి వెనక ఒకరు నిలబడతారు. నీడ జరిగితే లైను మొత్తం ఒక్కసారిగా పక్కకి జరుగుతుంది. పరేడ్ చేసేవాళ్లు వచ్చి నేర్చుకోవాలి! లావుపాటివాళ్లు పక్కకి తిరిగి నిలబడతారు. ఇంతకుముందు తోపులాటలతో బస్సెక్కిన జనమేనా వీళ్లు?

ఇంతలో కడియం నర్సరీల నుంచి ఆర్కిడ్లు వ్యాన్‌లో దిగాయి. ఊదా రంగువి, తెల్లవి, మచ్చలున్నవి. చూస్తే కళ్లు చెదిరిపోయాయి. “ఇవి నీడలో పెరిగే రకమండీ. ఎండకి తట్టుకునేవి వేరే రకమండీ, ఆయ్,” అని వ్యానులో వచ్చినతను చెప్పబోయాడు. మాదీ గోదావరి జిల్లాయే గనక ఆ ‘ఆయ్’ విని నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, రకాలూ జాతులూ అనే భేదాలు మా అపార్ట్‌మెంట్‌లో పాటించేది లేదని తాతబాబు కచ్చితంగా చెప్పేశాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టారు. మా ఎదురింటి దీవెనమ్మగారు కళ్లు మూసుకుని, “ప్రభువా, ఈ పసిబిడ్డలకి తోడుగా ఉండు” అని ప్రార్థన చేశారు. ఆవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. కేసు చూడగానే తెలిసిపోతుంది.

కొన్నాళ్లకి ఆకులు తెల్లబడ్డాయి. తరవాత గోధుమరంగుకి తిరిగాయి. పువ్వులు ముడుచుకుని తలలు వేలాడేశాయి. అప్పుడు రంగంలోకి దిగింది ఎవరనుకున్నారు? నేనే!

“కంగారు పడకండి, ఇది హీట్ ట్రీట్‌మెంట్” అన్నాను. ఎర్రగా కాగిన ఉక్కుని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది. దాన్ని క్వెంచింగ్ అంటారు. ఉక్కుకి పనికొచ్చింది మొక్కకి పనికిరాదా? మధ్యాహ్నం దాకా కుండీల్ని కాగనిచ్చి, ఫ్రిజ్ నీళ్ల బకెట్లలో బుడుంగున ముంచాం. రోలింగ్ మిల్లులో చేసి రిటైరైన కొండలరావు, “క్వెంచింగ్ ఒక్కటీ సేత్తే పెళుసైపోద్ది బావా, టెంపరింగ్ కూడా ఉండాల, మల్లీ ఏడెక్కించాల” అని వాటిని మళ్లీ ఎండలో పెట్టాడు. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకునే చేశాం. సేఫ్టీలో రాజీపడే ప్రసక్తే లేదు! సాయంత్రానికి ఆకులు ఉడికిన తోటకూరలా తయారయ్యాయి. అవే గనక ఉక్కువైతేనా, ఈపాటికి ఎక్స్‌పోర్ట్ అయ్యేవి.

ఈలోగా సన్యాసమ్మ బండి ఊరేగుతోంది. పొద్దున్న గోడ వారన, ఆ తరవాత వాటర్ ట్యాంకర్ పక్కన, ట్యాంకర్ కదిలితే దాని వెనకాల. మిట్టమధ్యాహ్నం గోడ నీడ గోడ కిందికే దూరిపోయేది. ఒకరోజు నా చొక్కా సగం ఇస్త్రీలో ఉండగానే ఆవిడ తల పట్టుకుని నేల మీద కూలబడిపోయింది. దీవెనమ్మగారు పరుగెత్తుకొచ్చి మొహం మీద నీళ్లు చల్లారు.

“బొగ్గుల పెట్టీ, నా బుర్రా ఒక్కలాగే కాల్తన్నాయి బాబూ,” అంది సన్యాసమ్మ. “బేరాలన్నీ ఇక్కడున్నాయి, ఇక్కడొగ్గీసి ఎక్కడికెల్లీది? ఇంకొన్నాలు సూత్తాను. అవ్వకపోతే బండి అమ్మీసి ఎలమంచిలి, మా సెల్లికాడికి ఎల్లిపోతాను.”

ఆ సగం ఇస్త్రీ చొక్కా తెచ్చుకుని అలాగే తొడుక్కున్నాను. ఒక పక్క నున్నగా, ఒక పక్క నలిగి ఉంది. దాంతోనే అత్యవసర మీటింగుకి వెళ్లాను.

అవునండీ, అత్యవసర మీటింగు! ఎండ దెబ్బ గురించే. సన్యాసమ్మకి కాదు, ఆర్కిడ్లకి.

“ప్రాణం ఉన్నవి బావా! ఎండలో ఎలా ఒగ్గేత్తాం?” అన్నాడు తాతబాబు. నిజంగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తీర్మానం అయిపోయింది. ఇనప స్తంభాలు పాతి, పైన ఆకుపచ్చ నెట్ కట్టించారు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా చెట్టు ఉన్నచోటే, చెట్టు నీడ పడినంత మేరా!

మర్నాడు సన్యాసమ్మ ఆనందంగా బండి తోసుకొచ్చింది. వాచ్‌మన్ అబ్బులు ఈల వేసి బోర్డు చూపించాడు. “నీడ ఆర్కిడ్లకు మాత్రమే. ఇతరులు నిలవరాదు.” తాతబాబు స్వయంగా రాయించిన బోర్డు.

సన్యాసమ్మ బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. ఎలమంచిలి బస్సెక్కేస్తుందనే అనుకున్నాను. కాసేపటికి మళ్లీ వచ్చింది. బండి మీద బొగ్గుల పెట్టె పక్కన ఒక కుండీ. మేం క్వెంచింగ్ చేసి చెత్తలో పారేసిన కుండీల్లో ఒకటి.

“ఏటే అది?” అన్నాడు అబ్బులు.

“ఆర్కిడ్డు. ఎండకి ఆగనేకపోతంది, నీడకి తెచ్చినాను.”

“మొక్క ఎట్టీసి నువ్వెల్లు మరి!”

“ఒంట్లో బాగోలేనిదానికి తోడు మనిసుండొద్దేటి?”

“మరి బండేటి?”

“దేని మీద ఎట్టమంటావు, నీ నెత్తి మీదా?”

అబ్బులు తాతబాబుని పిలుచుకొచ్చాడు. తాతబాబు బోర్డుని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాడు. కుండీ వైపు చూశాడు. అందులో మొక్కంటూ మిగిలింది ఒక కాడ. కానీ అది చచ్చిపోయిందని ఒప్పుకుంటే పథకం ఫెయిలైందని ఒప్పుకోవాలి! “జాగర్తగా చూసుకో,” అనేసి వెళ్లిపోయాడు.

అంతే! మా పేటలో ఆర్కిడ్ ప్రేమ కట్టలు తెంచుకుంది. చెత్తకుప్పలో కుండీలన్నీ క్షణాల్లో మాయం. ఆటోవాళ్లు హ్యాండిల్‌కి ఒకటి కట్టుకొచ్చారు. చేపలమ్మే ఆవిడ గంపలో చేపల మధ్య ఒకటి పెట్టుకొచ్చింది. స్తంభం నీడలో పరేడ్ చేసిన బస్సు ప్రయాణికులంతా తలొక కుండీ చంకనెట్టుకుని వచ్చేశారు. మా ఆవిడ బట్టలతోపాటు కుండీ కూడా పట్టుకెళ్లి, పాతరోజుల్లో లాగే ఇస్త్రీ అయ్యేదాకా తిరిగి రావడం మానేసింది. చివరికి తాతబాబు కూడా! సీట్లు కాలిపోతున్నాయని, కారులో ఏసీ వేసి, అది చల్లబడేదాకా ఇక్కడ కూర్చుంటాడు. ఒళ్లో కుండీతో!

జనం ఎక్కువై చోటు చాలకపోతే, బతికున్న ఆర్కిడ్లని కాస్త బయటికి జరిపాం. నడినెత్తి ఎండలోకి. అంటే మా పథకం అక్షరాలా నెగ్గినట్టే కదా?

ఇదంతా నేను ఆ నెట్ కిందే కూర్చుని రాస్తున్నాను. నా ఒళ్లోనూ కుండీ ఉంది. ఈ నీడకి చల్లదనం లేదు, ఆకు కదలదు, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంది. ఆ చెట్టు మమ్మల్నెప్పుడూ ఏ కుండీ చూపించమని అడగలేదు.

ఇందాక తాతబాబు తలెత్తి నెట్ వైపు చాలాసేపు చూశాడు. ఆయన కారు అవతల ఎండలో మచ్చ లేకుండా తెల్లగా మెరిసిపోతోంది.

“ఈమధ్య కాకులు కూడా రావట్లేదేటి బావా?” అన్నాడు.

సన్యాసమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, తన కుండలోంచి ఆయనకి గ్లాసుడు నీళ్లు ముంచి ఇచ్చింది. ఆయన సగం తాగి, మిగతా సగం ఒళ్లో ఉన్న కుండీలోని ఎండుపుల్లకి పోశాడు.