అట్ట చందమామకు అక్షింతలు

ఆ ఆదివారం పొద్దున సినిమా సమీక్షకుడు పెద్ద పథకమే వేశాడు. నలభై ఏళ్ల కిందటి పాటల సినిమా ఒకటి మళ్లీ హాల్లోకి వస్తోంది, మధ్యాహ్నం ఆటకి. చూసి, రాసి, పత్రికకు పంపాలి. ముసలి సినిమాకి అంత శ్రమ దేనికి? చూడకుండానే రాసేస్తే మధ్యాహ్నం హాయిగా కునుకు తీయొచ్చు. 'అట్టముక్క చందమామ. అరగంటకోసారి జ్ఞాపకశక్తి పోగొట్టుకునే హీరోయిన్. పాటల మోతకి చెవులు చిల్లులు పడ్డాయి. విశ్రాంతికల్లా హాలు ఖాళీ' అని రాసి, సాయంత్రం వెయ్యమని ఎడిటరుకు పంపేశాడు.

నడుం వాల్చేలోపు భార్య తయారై వచ్చి నిలబడింది.

"పదండి, సినిమాకి. రెండు పాసులిచ్చారుగా?"

"నేను రాసేశానే!"

"చూడకుండానా?"

ఆమె చూసిన చూపుకి ఆయన చెప్పులు వెతుక్కున్నాడు.

సినిమా అచ్చం ఆయన రాసినట్టే ఉంది. చందమామ గాలికి ఊగింది. హీరోయిన్‌కి రెండోసారి జ్ఞాపకశక్తి పోయింది.

"చూశావా, నా అంచనా!" అని మురిసిపోయాడు.

"నోరు మూసుకుని చూడండి," అంది భార్య.

చూశాడు. కాలు కదపడం చేతకాని హీరో, హీరోయిన్ ఆడుతుంటే కళ్లప్పగించి నిలబడిపోయాడు. ఆమె అడుగు తప్పి ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వుని కత్తిరించడానికి ఎవరికీ చేతులు రాలేదు కాబోలు. సమీక్షకుడి మనసు తనకు చెప్పకుండానే మెత్తబడింది.

సరిగ్గా అప్పుడే హాల్లో సౌండు పోయింది. ఈలలు, కేకలు. ముందు వరసలో అతిథులుగా కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు లేచారు. తెర మీది జంటే! చేతికర్ర ఊపుతూ ఆమె పాట ఎత్తుకుంది. ఆయన మాటలు మరిచిపోతే మోచేత్తో పొడిచి అందించింది. హాలు ఊగిపోయింది.

సమీక్షకుడు కళ్లు తుడుచుకుని, లేచి నిలబడి ఎడిటరుకు ఫోను చేశాడు.

"ఆ సమీక్ష ఆపండి సార్! వద్దు!"

"ఏంటా చప్పట్లు? సరిగ్గా వినపడ్డం లేదు. ఆపొద్దంటావా?"

"ఆపండీ!" అని ఆ హోరులోనే చెయ్యి ఊపుతూ అరిచాడు.

"సరే సరే, అరవకు. ఇప్పుడే సైటులో పెట్టేస్తున్నా."

ఊగుతున్న ఆ చెయ్యి హాలు మేనేజరు కంటపడింది. "సమీక్షకులుగారు మాట్లాడతారట!" అంటూ వేదిక మీదికి లాక్కెళ్లాడు. చేసేది లేక, "ఇంత కమ్మని సినిమా నా జన్మలో చూళ్లేదు!" అన్నాడాయన.

"మరి విశ్రాంతికే హాలు ఖాళీ అని రాశారేంటండీ?" వెనక వరసలోంచి ఒకాయన ఫోను ఎత్తి చూపించాడు. "ఇంకా విశ్రాంతే ఇవ్వలేదుగా!"

"ఏదీ, ఇలా ఇవ్వు నాయనా," అంటూ పెద్దావిడ ఆ ఫోను అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, చదవడం మొదలెట్టింది. 'చందమామ' దగ్గర తానే ఊగింది. 'జ్ఞాపకశక్తి' దగ్గర ఆగి, "ఇంతకీ నేనేం చదువుతున్నానండీ?" అని హీరోని అడిగింది. 'చిల్లులు' అనగానే ఆయన మూగబోయిన స్పీకరు వంక చూసి చెవులు మూసుకున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది సమీక్షకుడి భార్య.

"క్షమించండమ్మా," అన్నాడు సమీక్షకుడు పెద్దావిడతో, తల ఎత్తకుండా.

ఆవిడ ఆయన భుజం తట్టింది. "బాధపడకు నాయనా. రాత నాసిరకమే. ఇలాంటివి నిలబెట్టడం మాకు అలవాటే."

ఆ రోజు నుంచి ఆయన సినిమాలు చూశాకే సమీక్షలు రాస్తున్నాడు. ఎవరూ చదవడం లేదు.