మామ ఇచ్చిన మెమరీ ముక్క

సుయున్‌బెక్ ఆ ఉదయం వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. టీ తాగాలి, మామ తోక్తోసున్ డెబ్భయ్యవ పుట్టినరోజు విందు కోసం తీసిన సినిమాకు చివరి దృశ్యం అతికించాలి, మధ్యాహ్నానికి దాన్ని పట్టుకుని విందుశాలకు వెళ్లాలి. నరీన్ ఊళ్లో పెళ్లి వీడియోలు తీసుకుని బతికే తనను, బడి మధ్యలో మానేసినవాడని అత్తవారు లోలోపల చులకన చేస్తున్నారని అతనికి ఏళ్ల తరబడి కడుపుమంట. ఈ ఒక్క సినిమా సరిగ్గా ఆడితే వాళ్ల నోళ్లు మూతపడతాయి.

టీ చల్లారకముందే తెర నీలంగా మారి కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ వేశాడు. సినిమా మామ గుర్రమెక్కే దగ్గర ఆగింది. మళ్లీ వేస్తే గుర్రం దాకా కూడా రాలేదు. కొంతకాలంగా ఇదే వరస. కరెంటును తిట్టి స్టెబిలైజర్ పెట్టాడు, వేడిని తిట్టి కంప్యూటర్ పెట్టె మూత ఊడదీశాడు, వైరస్‌ను తిట్టి అన్నీ చెరిపి కొత్తగా ఎక్కించాడు. పని వేగం పెరగాలని లోపల పెట్టిన కొత్త మెమరీ ముక్కను మాత్రం వేలితో కూడా తాకలేదు. అది మామ కానుక. పెద్దాయన రెండు చేతులతో అందించి దీవించిన వస్తువును అనుమానించేంత ధైర్యం నరీన్‌లో ఏ అల్లుడికీ లేదు.

విందుకు తీసుకెళ్దామని వచ్చిన అత్త బుర్మా తెర వంక చూసి తేల్చేసింది.

"ఇది దిష్టయ్యా. సినిమా తీస్తున్నానని ఊరంతా చెప్పుకుని తిరిగావు. తగలదా మరి?"

"కంప్యూటరుకు దిష్టేమిటత్తమ్మా?"

"కొత్త కారుకు తగలట్లా?"

ఆవిడ మూకుడులో దిష్టి తీసే అర్చ చెట్టు కొమ్మలు అంటించి, మూతలేని పెట్టె చుట్టూ తిప్పింది. పెట్టెలోని ఫ్యాను ఆ పొగను భక్తిగా పీల్చి కిటికీలోంచి వీధిలోకి వదిలింది. పక్కింటి డ్రైవరు సమత్ ఇల్లంటుకుందనుకుని బకెట్టు నీళ్లతో దూసుకొచ్చాడు. సుయున్‌బెక్ భార్య జిపారా బకెట్టు పట్టుకుని వేలాడింది. ఏదో ఒకటి కాపాడకుండా వెనక్కి వెళ్లేది లేదని సమత్, వైర్లన్నీ పీకి పెట్టెను చంకనెత్తుకుని పరుగెత్తాడు. గుమ్మంలో చెప్పులు తన్నుకుని, పెట్టెతో సహా ఉన్ని బూట్ల గుట్ట మీద పడ్డాడు.

ఈలోగా ఎవరో విందుశాలకు ఫోను చేసి అల్లుడి ఇల్లు కాలిపోయిందని చెప్పారు. జరీ అంగీ, తెల్లటోపీతో తోక్తోసున్, ఆయన వెనకే సగం మంది అతిథులు దిగారు.

"మీరంతా క్షేమమేనా?"

"క్షేమమే మామా. సినిమాయే పోయినట్టుంది."

"పోతే పోనీరా. అందులో ఉన్నది నా మొహమేగా, వచ్చి నన్నే చూసుకుంటారులే."

సుయున్‌బెక్ తలెత్తలేకపోయాడు. ఏళ్లుగా దాచుకున్న కడుపుమంటకు సరుకు అయిపోయినట్టనిపించింది.

ఆశ లేకుండానే వైర్లు తగిలించాడు. మామ గుర్రమెక్కాడు, దిగాడు, చివరిదాకా నవ్వాడు. ఒక్కచోటా ఆగలేదు. "చెప్పానా" అంది అత్త.

అప్పుడు సమత్ బూట్ల మధ్యనుంచి ఒక ముక్క తీసిచ్చాడు. "ఊడి పడినట్టుందన్నా. పెట్టెయ్యి, పాపం." పెట్టాడు, తెర నీలమైంది. తీశాడు, గుర్రం కదిలింది. లోపం ఆ గాడిలో ఉందేమోనని పక్క గాడిలో పెట్టాడు, మళ్లీ నీలం. ఇక అనుమానం లేదు.

"అది నేనిచ్చిందేగా?" అన్నాడు మామ, మెడ చాచి. "పనికొచ్చిందా?"

సుయున్‌బెక్ ఆ ముక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"మీరిచ్చింది పెట్టెలో కుక్కేది కాదు మామా. పెద్దలు కూచునే చోట పెట్టుకునేది."

చివరి దృశ్యం అతికించాక విందులో సినిమా ఆడింది. గుర్రం దగ్గర మామ కళ్లు తుడుచుకున్నాడు. సుయున్‌బెక్ తన వంతు మంచి మాంసం తీసి సమత్ పళ్లెంలో వేశాడు. పొగ వేసినందుకు అత్త చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఇంతమంది తనకోసం పరుగెత్తి వస్తారని అతనికి ఇంతవరకూ తెలియదు.

ఆ ముక్క ఇప్పుడు అద్దాల పటంలో, ఇంట్లో పెద్దలు కూచునే వైపు గోడ మీద ఉంది. అక్కడికి మారినప్పటినుంచి ఒక్కసారి కూడా మొరాయించలేదు.